పైసలొచ్చేది పంటకు, ఖర్చయ్యేది నెలకు: డిగ్రీ చదివే తమ్ముడు అప్పు లేకుండ ఎట్ల నెట్టుకురావాలె?

దేవరకొండ దారి:

అన్నలకు, అక్కలకు నమస్తే. తమ్ముడు నల్లగొండల డిగ్రీ రెండో సంవత్సరం. ఊరు దేవరకొండ అవతల, రోజూ వచ్చిపోయే దూరం కాదు. ముగ్గురు కలిసి రూం తీసుకున్నరు, వంట వాళ్లే చేసుకుంటరు.

ఖర్చు లెక్క ఇది. కిరాయి వాటా 1,500, కరెంటు, నీళ్లు 200, ఫోన్ రీచార్జి 300. కూరగాయలు, నూనె, గ్యాసు, చాయ్, జిరాక్సులు, బస్సు అన్నీ కలిపి 2,600. మొత్తం నెలకు 4,600. బియ్యం ఇంటికాడివే. ఇవిగాక పరీక్ష ఫీజులు, పుస్తకాలు, రికార్డుల కింద ఏడాదికి 9,000. అండ్ల 5,000 జూలై నుంచి నవంబర్ లోపలనే అయితయి, 4,000 తర్వాత.

వచ్చేది: కాలేజీ నడిచే పది నెలలు ఇంటినుంచి నెలకు 1,300. డిసెంబర్ల పత్తి పైసలు చేతికొస్తే 20,000, మే నెలల యాసంగి వడ్లు అమ్మితే 15,000. స్కాలర్‌షిప్‌కు పెట్టిండు, ఎప్పుడు పడుతదో తెల్వదు.

రూంల ఒక పిల్లగాడు అప్పుల యాప్ ఎక్కించుకున్నడు. 5,000 అప్పుకు చేతికి 3,500 వచ్చినయి, వారంల 5,000 కట్టాలె. మావోడు గూడ "వారమే గదక్కా" అంటున్నడు. ఆయనకు ఎట్ల సమజ్ చెయ్యాలె? ఉన్న పైసలు ఎట్ల సర్దాలె?

లెక్కల బుక్కు:

అక్కా, మీరు అంకెలు రాసి తెచ్చిన్రు కాబట్టి పని సగం అయింది. చాలామంది "సరిపోతలేవు" అని మాత్రమే అంటరు.

ముందు ఏడాది మొత్తం చూడుండ్రి. ఖర్చు 46,000, మీద 9,000, అంటే 55,000. వచ్చేది 13,000, 20,000, 15,000 కలిపి 48,000. కొరత 7,000. ఇప్పుడు దాన్నే రెండు ముక్కలు చెయ్యండి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాక ఖర్చు 27,000, చేతికొచ్చేది 26,500. అయిదు వందలే తక్కువ, అది ఎట్లనన్న ఎల్లిపోతది. జూలై నుంచి నవంబర్ దాక ఖర్చు 28,000. నెలనెలా వచ్చేవి 6,500, మే నెల 15,000 ముట్టకుండ ఉంటే కలిపి 21,500. ఇక్కడ 6,500 తక్కువ. అంటే ఏడాది కొరతంతా దాదాపు ఈ అయిదు నెలల్లనే ఉన్నది. ఇంటికాడ విత్తనాలు, మందు బస్తాలు, కూలీల ఖర్చు గూడ ఇదే టైముకు పడుతది, కాబట్టి అప్పుడు "ఇంకో రెండు వేలు పంపుండ్రి" అంటే అమ్మా నాయిన గూడ ఎక్కడో తేవలసిందే. పిల్లలు యాపులల్ల పడేది గూడ ఎక్కువ ఈ నెలల్లనే.

అన్నిటికంటె ముఖ్యం ఆ మే నెల 15,000. అవి ఎండకాలం సెలవుల్ల పెండ్లిల్లకు, కొత్త ఫోన్‌కు, బండి రిపేరుకు కరిగిపోతయి. జూలైల కాలేజీ తెరిచేసరికి ఖాతాల ఏముండదు. అందుకే అవి వచ్చిన రోజే బ్యాంకుల 3,000 చొప్పున అయిదు ఫిక్స్‌డ్ డిపాజిట్లు చేయించుండ్రి. ఒకటి జూలై 1కి, ఇంకోటి ఆగస్టు 1కి, అట్ల నవంబర్ 1 దాక ఒక్కొక్కటి మెచ్యూర్ అయ్యేటట్టు తారీఖులు పెట్టించుండ్రి. ఏడు రోజుల నుంచి ఎన్ని రోజులకైనా డిపాజిట్ చేస్తరు, చాలా బ్యాంకులల్ల వెయ్యి రూపాయల నుంచే తీసుకుంటరు. ఫారంల "మెచ్యూరిటీ పైసలు సేవింగ్స్‌ల జమ చెయ్యాలె" అన్న గడికి టిక్కు పెట్టాలె. పెట్టకుంటే అదే మళ్ల డిపాజిట్‌గ తిరిగిపోతది, జూలై ఒకటికి పైసల కోసం వెతుక్కోవాల్సి వస్తది. వడ్డీ ఆశ వద్దు, ఇది తాళం మాత్రమే. మరీ అవసరమైతే మధ్యల తెరుచుకోవచ్చు, అసలుకు దెబ్బ తగలదు, వడ్డీల కొంత కోస్తరు. డిసెంబర్ 20,000 గూడ ఇట్లనే 4,000 చొప్పున అయిదు ముక్కలు.

ఇగ నెల లోపలి లెక్క. కిరాయి, కరెంటు, రీచార్జి కలిపి 2,000 నెల మొదట్లనే పోవాలె. రీచార్జి 28 రోజులదైతే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు పడుతది, ఆ ఒక్కటి అందరు మరిచిపోతరు. మిగిలిన 2,600ను వారాలకు పంచితే వారానికి 600. తమ్మునికి రెండు ఖాతాలుండాలె. పెద్ద పైసలుండే ఖాతాకు యూపీఐ పెట్టనే పెట్టొద్దు. రెండోది జీరో బ్యాలెన్స్ ఖాతా, దానికే ఫోన్‌పే గానీ గూగుల్‌పే గానీ. ప్రతి సోమవారం పొద్దున 600 దాంట్ల పడాలె. గురువారానికే అయిపోతే ఆదివారం దాక రూంల బియ్యం, పచ్చిపులుసు. ఇది శిక్ష అనిపిస్తది గని, నెలకు 2,600 ఒక్కసారే చేతికిస్తే పదో తారీఖుకే అయిపోతయి, అప్పుడు ఇరవై రోజులు ఎల్లాలె. వారం లెక్కల తప్పు జరిగితే మూడు రోజులే ఇబ్బంది.

పిన్ కొట్టకుండ చిన్న మొత్తాలు కట్టే యూపీఐ లైట్ వాడేటట్టయితే ఆటో టాపప్ బంద్ చెయ్యమనుండ్రి. అది ఆన్‌ల ఉండి పెద్ద ఖాతాకు కట్టి ఉంటే, పైసలు అయిపోంగనే దాన్లకెల్లి మళ్ల గుంజుకుంటది, 600 అన్న హద్దే ఉండదు.

బియ్యం సంగతి ఒకటి. రేషన్‌ల మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్నయి, తమ్ముని పేరు ఇంటి కార్డుల ఉండాలె. చదువుకోను పోయిండు కదా అని పేరు తీయించకుండ్రి. వంట చేసుకునే పిల్లగానికి నెలకు పది, పన్నెండు కిలోలు పడుతయి, సగం అక్కడికెల్లే ఎల్లిపోతయి. గ్యాసుకు అడ్రస్ ప్రూఫ్ లేకుంటే 5 కిలోల చిన్న సిలిండర్ కంపెనీ ఏజెన్సీలనే ఇస్తరు. గల్లీల కిలోల లెక్కన పెద్ద సిలిండర్‌లకెల్లి నింపించుకునేది మానుకోండ్రి. తూకంల మోసం, పేలితే ప్రాణాల మీదికి.

పాలమూరు బస్సు:

"వారమే గద" అన్నదానికి జవాబు ఊరి వడ్డీ లెక్కలనే చెప్పాలె. శాతం అంటే పిల్లలకు ఎక్కదు, "నూటికి ఎంత" అంటే టక్కున ఎక్కుతది.

ఊర్ల నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలంటే 36. అయిదు రూపాయల వడ్డీ అడిగినోన్ని ఊర్ల అందరు తిడుతరు. ఇప్పుడు ఈ యాప్ చూడుండ్రి. చేతికొచ్చింది 3,500, వారంల అదనంగ కట్టేది 1,500. నూటికి వారానికి దాదాపు 43 రూపాయలు. నెలకు తిప్పితే నూటికి దాదాపు 184 రూపాయల వడ్డీ. అయిదు రూపాయలోన్ని తిట్టినోళ్లు దీన్ని "ఇన్‌స్టంట్ లోన్" అని ముద్దుగ పిలుస్తున్నరు.

ఇంకో మాట. 5,000 మీద వడ్డీ కాదది, చేతికి ఎంతొచ్చిందో దాని మీదనే లెక్క కట్టాలె. ప్రాసెసింగ్, సర్వీసు, జీఎస్టీ అని ఏ పేరు పెట్టినా ముందే కోసిందంతా వడ్డీ కిందికే వస్తది.

వారం దాటినంక ఏమైతదో గూడ ముందే తెలిసి ఉండాలె. ఎనిమిదో రోజు రెండు దారులు చూపిస్తరు. ఒకటి గడువు పెంచుకునుడు: 1,500 కట్టు, ఇంకో వారం ఇస్తం, అసలు 5,000 అట్లనే ఉంటది. నాలుగు వారాలు అట్ల చేస్తే 6,000 కట్టినట్టు, బాకీ ఇంకా 5,000. తీసుకున్నది 3,500 అని యాదిపెట్టుకోండ్రి. రెండోది ఇంకో యాప్. మొదటి అప్పు తీర్చ చేతికి 5,000 రావాలెనంటే, 30 శాతం కోసేదాన్ల 7,143 అప్పు రాయాలె. దాన్ని తీర్చ మూడోదాన్ల 10,204. ఇరవై ఒకటో రోజుకు మెడ మీద పది వేలు.

అసలు యాప్, దొంగ యాప్ తేడా ఎట్ల పట్టాలె అంటే, రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబర్‌ల డిజిటల్ అప్పులకు నియమాలు పెట్టింది, 2025ల వాటిని ఇంకా గట్టిగ చేసింది. అందుల పిల్లలకు పనికొచ్చేవి ఇవి. అప్పు ఇచ్చే బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరు ముందే చూపియ్యాలె. ఏడాది వడ్డీ, అన్ని ఖర్చులు కలిపిన అంకెతో ఒక కాగితం ముందే ఇయ్యాలె. పైసలు నేరుగ ఆ కంపెనీ ఖాతాలకెల్లి నీ ఖాతాలకే రావాలె, నువ్వు కట్టేది గూడ నేరుగ ఆ కంపెనీ ఖాతాకే పోవాలె. ఎవరిదో మనిషి పేరున్న యూపీఐ నంబర్‌కు కొట్టమంటే అక్కడనే దొంగతనం బయటపడ్డట్టు. ఫోన్ల నంబర్లు, కాల్ లిస్టు, ఫోటోలు చూసే హక్కు యాప్‌కు లేదు. "కాంటాక్ట్స్‌కు అనుమతి" అడిగిందంటే తీసెయ్యాలె. తీసుకున్నంక మనసు మారితే కనీసం ఒక రోజు గడువుంటది, ఆ లోపల అసలు, అన్ని రోజులకు వడ్డీ కట్టి బయటపడొచ్చు, జరిమానా ఉండదు, కాని ముందే కాగితంల చూపిన ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది పట్టుకోవచ్చు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు తమవని చెప్పిన యాపుల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌ల పెట్టిన్రు, అక్కడ పేరు చూసుకోవచ్చు.

ఇప్పటికే తీసుకున్న ఆ రూం పిల్లగానికి: యాప్ తీసేసే ముందు అన్నీ స్క్రీన్‌షాట్లు కొట్టుకోవాలె. అప్పు మొత్తం, పైసలు పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్, యూటీఆర్ నంబర్ (పైసలు పడ్డదానికి బ్యాంకు ఇచ్చే గుర్తు నంబర్), బెదిరించిన మెసేజులు. తర్వాత సెట్టింగుల్ల ఆ యాప్‌కు ఇచ్చిన కాంటాక్ట్స్, గ్యాలరీ అనుమతులు తీసెయ్యాలె. ఇంట్ల ఒక్కలకైనా చెప్పాలె, ఎందుకంటే వాళ్ల బలమంతా నీ భయమే. "నా ఫోన్‌లో నంబర్లు దొంగిలించారు, నా పేరు మీద ఏ ఫోటో, మెసేజ్ వచ్చినా నమ్మొద్దు" అని దోస్తులకు, చుట్టాలకు ముందే ఒక మెసేజ్ పెడితే సగం ఆయుధం మొద్దువారుతది. మార్ఫింగ్ ఫోటోలతో బెదిరిస్తే 1930కి ఫోన్, లేదా సైబర్ క్రైమ్ పోర్టల్‌ల ఫిర్యాదు. కట్టినా మళ్లమళ్ల అడుగుతరు కాబట్టి "ఈసారికి కట్టేస్త" అనుకోవద్దు.

అదే రిజర్వు బ్యాంకుల రిజిస్టర్ అయిన కంపెనీ అయితే అప్పు అప్పే, కట్టాలె. కాని వసూలుకు పొద్దున 8 లోపల, సాయంత్రం 7 దాటినంక ఫోన్ చెయ్యొద్దు, చుట్టాలకు చేసి ఇజ్జత్ తియ్యొద్దు. చేస్తే ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలె, 30 రోజుల్ల జవాబు రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్, నంబర్ 14448.

మిల్లు గంట, మిర్యాలగూడ:

ఇంత దూరం ఎందుకు? అమ్మ పొదుపు సంఘంల ఉంటే ఆ 7,000 అక్కడ తీసుకోరాదు? చాలా సంఘాలల్ల లోపలి అప్పు రూపాయి వడ్డీకే. సంఘాల ఆడోళ్లకు అప్పిచ్చే స్త్రీనిధి గూడ ఉన్నది. జూలైల తీసుకొని డిసెంబర్ల పత్తి పైసలతో కట్టేస్తే అయిదు నెలలకు 350 రూపాయలు వడ్డీ. యాప్‌ల వారానికే 1,500.

లెక్కల బుక్కు:

వడ్డీ సంగతి నిజమే అన్నా, యాప్ కంటె వంద రెట్లు నయం. కాని డిసెంబర్ల కట్టేది ఎక్కడికెల్లి? పైన లెక్క మళ్ల చూడు. పత్తి పైసలు 20,000 డిసెంబర్ నుంచి ఏప్రిల్ ఖర్చుకే బొటాబొటి, అక్కడనే 500 తక్కువ. అండ్లకెల్లి 7,350 తీసి సంఘానికి కడితే మార్చిల మళ్ల అప్పు. సంఘంల అమ్మ కిస్తు తప్పితే ఆమె ఒక్కదానికే కాదు, గ్రూపు మొత్తానికి మాట వస్తది, వచ్చే బ్యాంకు లోన్ ఆగుతది.

పైసలు ఇంకో నెలల రావాల్సి ఉంటేనే అప్పు పనికొస్తది. ఏడాది మొత్తంల లేని పైసలకు అప్పు తెస్తే కొరత ముందుకు జరుగుతది, పోదు. ఈ తమ్మునికి రెండు రోగాలూ ఉన్నయి. పైసలు వచ్చే టైం సరిగ లేదు, అది డిపాజిట్ ముక్కలతో కుదురుతది. మిగిలిన 7,000 మాత్రం సంపాదించాలె, లేకుంటే తగ్గించాలె.

సంపాదనకు ఈ వయసుల దగ్గరి దారి ట్యూషన్. కాలనీల ఆరు, ఏడు తరగతుల పిల్లలు ఇద్దరు దొరికి, ఒక్కొక్కలు 700 ఇచ్చినా నెలకు 1,400, అయిదు నెలలకు 7,000. సరిగ్గ ఆ కొరతకే సరిపోతది. జూన్ల బడి తెరిచినప్పుడే అడగాలె, ఆగస్టు దాటితే పిల్లలందరు ఎక్కడో కుదిరిపోతరు. ఫంక్షన్ హాళ్లల్ల క్యాటరింగ్ పనికి గూడ పోతుంటరు పిల్లలు. రోజు కూలి చేతికొస్తది గని, ఒక చిక్కున్నది. జూలైల ఆషాఢం పడుతది, పెండ్లిల్లు ఉండయి, సరిగ్గ అవసరమైన నెలల పని ఉండదు. పని ఉన్న రోజుల్ల రాత్రి రెండింటికి రూంకు వస్తే పొద్దటి క్లాసు పోతది, హాజరు 75 శాతం కంటె దిగితే స్కాలర్‌షిప్పే పోతది. ఆరు వందల కూలి కోసం వేలు పోగొట్టుకున్నట్టు.

కౌంటర్ నంబర్ 4:

స్కాలర్‌షిప్ విషయం చెప్తాను. ముందు ఒక నియమం పెట్టుకోండి: ఖాతాలో పడేదాకా ఆ డబ్బును బడ్జెట్‌లో సున్నా అనే రాయండి. ఎప్పుడు పడినా అది వచ్చే జూలై కోసం దాచేది. అయితే మన వైపు తప్పు వల్ల ఆగకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉంది.

స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్ తెలంగాణ ఈపాస్‌లో రెండు భాగాలు ఉంటాయి. ట్యూషన్ ఫీజు కాలేజీకి చెందేది. ఉండడానికి, తినడానికి ఇచ్చే మెయింటెనెన్స్ ఫీజు విద్యార్థి ఖాతాలో పడుతుంది. చాలామంది మొదటి ఏడాది దరఖాస్తు పెట్టి, రెండో ఏడాది దానంతట అదే వస్తుందనుకుంటారు. రాదు. ప్రతి ఏడాదీ రెన్యువల్ పెట్టాలి, కాగితాలు కాలేజీలో ఇవ్వాలి, కాలేజీ తన లాగిన్‌లో ధ్రువీకరించి ముందుకు పంపాలి. పెట్టిన దరఖాస్తు కాలేజీ దగ్గరే ఆగిపోయిందా, జిల్లా సంక్షేమ కార్యాలయానికి చేరిందా అనేది అప్లికేషన్ నంబర్‌తో వెబ్‌సైట్‌లోనే కనబడుతుంది. రెండు వారాలకు ఒకసారి చూడమనండి.

ఎక్కువ ఆగిపోయే చోట్లు మూడు. పదో తరగతి మెమోలో పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉండడం ఒకటి. ఇంటిపేరు పూర్తిగా ఉందా, పొడి అక్షరమా అన్న తేడాకే ఆగుతుంది. ఆదాయ ధ్రువపత్రం రెండోది. దాన్ని దరఖాస్తుల గడువు ముగిసే వారంలో తీసుకుందామంటే మీసేవలో రద్దీ, తహసీల్దార్ కార్యాలయంలో ఆలస్యం. జూన్‌లోనే తీసి పెట్టుకోవాలి.

మూడోది ఎక్కువమందికి తెలియనిది, ఆధార్ సీడింగ్. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ అయితే సరిపోదు. ఆధార్ ఆధారంగా ప్రభుత్వం వేసే డబ్బు ఒకే ఒక్క బ్యాంకుకు పోతుంది, ఏ బ్యాంకు చివరగా సీడ్ అయిందో దానికి. పైన సలహా ఇచ్చినట్టు తమ్ముడు రెండో ఖాతా తెరిచినప్పుడు, ఆ ఫారంలో "ప్రభుత్వ రాయితీలు ఈ ఖాతాకే రావాలి" అన్న గడి దగ్గర టిక్కు పెడితే సీడింగ్ కొత్త బ్యాంకుకు మారిపోతుంది. తర్వాత పాత పాస్‌బుక్ పట్టుకుని "పడలేదు" అని తిరుగుతుంటారు. మై ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని కనబడుతుంది, ఏ బ్యాంకు ఉందో, అది యాక్టివ్‌గా ఉందో చూసుకోవచ్చు. రెండేళ్లపాటు ఏ లావాదేవీ లేని ఖాతా పనిచేయని ఖాతా కింద పోతుంది. ఇంటర్‌లో తెరిచి వదిలేసిన ఖాతాలకు ఇదే జరుగుతుంది. అలాంటప్పుడు బ్రాంచికి వెళ్లి మళ్లీ కేవైసీ ఇస్తే తిరిగి నడుస్తుంది.

ఇంకొక్కటి. "నీ ఖాతా కొన్నాళ్లు వాడుకుంటాం, వచ్చిన దాంట్లో రెండు శాతం నీకు" అని ఎవరైనా అడిగితే పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఏదీ ఇవ్వకూడదు. అవి సైబర్ మోసాల డబ్బు తిప్పే ఖాతాలు. ఎక్కడో రాష్ట్రంలో కేసు పడితే ఇక్కడ ఖాతా ఫ్రీజ్ అవుతుంది, అందులో ఉన్న పరీక్ష ఫీజు డబ్బు కూడా బయటికి రాదు. పైగా నిందితుల జాబితాలో పేరు.

దేవరకొండ దారి:

చాల థ్యాంక్స్ అన్నలకు. ఆ 43 రూపాయల లెక్క చెప్తే తమ్ముడు గమ్మున అయిండు. ఇంకో రెండు అడగాలె. ఫోన్ పగిలింది, షాపుల 15,000 ఫోన్ వడ్డీ లేకుండ కిస్తులల్ల ఇస్తమంటున్నరు. 3,000 ముందు, 500 ఫైల్ చార్జి, తర్వాత 1,500 చొప్పున ఎనిమిది నెలలు. వడ్డీ లేదు గదా, తీసుకోవచ్చునా? ఒకలేమో క్రెడిట్ కార్డు ఇప్పిస్త అంటున్నరట.

లెక్కల బుక్కు:

అక్కా, షాపోన్ని ఒక్క మాట అడుగుండ్రి: "నగదు మొత్తం ఇప్పుడే ఇస్తే ఎంతకిస్తవు?" 14,200 అన్నడనుకోండ్రి. అప్పుడు నిజంగ అప్పు ఎంత? 14,200లకెల్లి మీరు ముందే ఇచ్చే 3,500 తీసేస్తే 10,700. తిరిగి కట్టేది 12,000. పైన 1,300. ప్రతి నెలా అసలు తగ్గుకుంట పోతది కాబట్టి లెక్క కడితే నూటికి నెలకు దాదాపు రెండు రూపాయల అరవై పైసలు పడుతది. వడ్డీ లేదన్న ఫోన్‌కు రెండున్నర రూపాయల పైన వడ్డీ. ఘోరం కాదు, ఉత్తగ గూడ కాదు.

అసలు దెబ్బ కిస్తు తప్పినప్పుడు. వాళ్లు ఖాతాలకెల్లి ఆటోమేటిక్‌గ గుంజుకునే మ్యాండేట్ తీసుకుంటరు. ఆ రోజు ఖాతాల 1,499 ఉన్నా బౌన్సే. బౌన్సుకు బ్యాంకు ఒకపక్క కోస్తది, అప్పిచ్చిన కంపెనీ ఒకపక్క కోస్తది. ఈ తమ్మునికి జూలై నుంచి నవంబర్ దాక నెలకు మూడు వందలు ముందే తక్కువ పడుతున్నయి, దాని మీద 1,500 కిస్తంటే మొదటి నెలనే బౌన్స్ అయితది. డిసెంబర్ దాక రిపేర్ ఫోన్, లేకుంటే సెకండ్‌హ్యాండ్. సెకండ్‌హ్యాండ్‌ది కొనేటప్పుడు బిల్లు, డబ్బా తీసుకోవాలె, స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి వచ్చే ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తు నంబర్) డబ్బా మీదిదాన్తో సరిచూడాలె. దొంగ ఫోన్ అయితే పైసలూ పోతయి, స్టేషన్‌కూ పోవాలె.

కౌంటర్ నంబర్ 4:

కార్డు వద్దు. సొంత ఆదాయం లేని విద్యార్థికి అది పనికొచ్చే సందర్భం నాకు కనబడదు. బిల్లులో "కనీస చెల్లింపు" అని చిన్న అంకె ఉంటుంది, అది కడితే చాలనుకుంటారు. మిగిలిన దాని మీద మామూలుగా నెలకు మూడు నుంచి మూడున్నర రూపాయల వడ్డీ, అదీ కొన్న రోజు నుంచే. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న వాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ, పైన విడిగా చార్జీ.

బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు ఎగ్గొట్టినవి, రెండు వేల "ఇప్పుడు కొను, తర్వాత కట్టు" బాకీ అయినా సరే, ఎవరు అప్పు ఎలా కట్టారో నమోదు చేసే సిబిల్ లాంటి సంస్థల రికార్డులో పడతాయి. తమ్ముడు రేపు పీజీకో బీఈడీకో చదువు అప్పు అడిగితే బ్యాంకు మొదట చూసేది అదే. చదువు అప్పులో నాలుగు లక్షల దాకా మార్జిన్ డబ్బు (మన వాటాగా పెట్టేది) అడగరు, ఏడున్నర లక్షల దాకా ప్రభుత్వ గ్యారంటీ పథకం కింద తాకట్టు లేకుండా ఇచ్చే వీలుంది, చదువు అయ్యేదాకా కిస్తు ఉండదు. ఇంత నయమైన అప్పును రెండు వేల బాకీ కోసం పోగొట్టుకోవద్దు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. ఒకసారి తీసి చూడమనండి. తన పేరు మీద తనకు తెలియని అప్పు ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది.

దేవరకొండ దారి:

సరే. రూంల ఆ యాప్ పిల్లగాడు అడుగుతున్నడు: ఫోన్‌పేల ఆటోపే అని కనబడుతున్నది, యాప్ తీసేసినా నెలనెలా గుంజుకుంటరా? రద్దు చేస్తే అప్పు పోతదా?

పాలమూరు బస్సు:

యాప్ తీసేసినంత మాత్రాన మ్యాండేట్ పోదు తమ్మీ, అది బ్యాంకుల ఉంటది. ఫోన్‌పేలనే ఆటోపే సెట్టింగులకు పోయి దాని పేరు మీద నొక్కితే రద్దు చేసేది వస్తది, యూపీఐ పిన్ అడుగుతది. అక్కడ కనబడకుంటే డెబిట్ కార్డు మీదనో, నెట్ బ్యాంకింగ్ మీదనో తీసుకున్న మ్యాండేట్ అయ్యుంటది, దానికి బ్రాంచికి పోయి రాసిచ్చి రశీదు తీసుకోవాలె. గుంజుకునే తారీఖుకు రెండు మూడు రోజుల ముందే చెయ్యాలె, ఆ రోజు పొద్దున చేస్తే పని కాకపోవచ్చు.

మ్యాండేట్ రద్దు చేస్తే గుంజుకునుడే ఆగుతది, అప్పు అట్లనే ఉంటది. ముందు ఆ కంపెనీ పేరు రిజర్వు బ్యాంకు జాబితాల ఉన్నదో లేదో చూడమనుండ్రి. ఉంటే రద్దు చేసి ఊకోకుండ, చేతిల ఎంతుంటే అంత కట్టి, మిగిలిన దానికి కిస్తులు కావాలెనని ఈమెయిల్ రాయాలె. ఫోన్ల మాట్లాడింది రుజువు కాదు. లేకుంటే మ్యాండేట్ రద్దు చేసి, స్క్రీన్‌షాట్లు పట్టుకొని ఈ రోజే 1930.